బహుళ తదియ నాటి వీధి దీపం

మా వీధి చివర, పెద్ద రోడ్డు కలిసే చోట ఒక దీపస్తంభం ఉంది. నెలకు పది రోజులు అది వెలిగేది కాదు. గాజు పగిలి కాదు, వత్తి అయిపోయి కాదు. వెలిగించనక్కర్లేదని మునిసిపాలిటీ రూలు. పౌర్ణమికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు వెన్నెల రాత్రులని పేరు పెట్టేరు. ఆ రోజుల్లో ఊళ్ళో కిరసనాయిలు దీపాలు వెలిగించరు. బళ్ళకీ జట్కాలకీ కూడా దీపం కట్టనక్కర్లేదు. స్టేషను వైపు, బెల్లం మార్కెట్టు వైపు కరెంటు స్తంభాలు వచ్చేయి గాని మా వైపు ఇంకా రాలేదు.

ఈ రూలు వల్ల మా అబ్బాయి కుడికాలు వంకరపోయింది. ఈ రూలును కాపాడుకోడానికి ఒక పెద్దమనిషి నా మీద ఒక మాట రాయించేడు. ఆయన మీద నేను ఎలా కక్ష తీర్చుకున్నానో, అది ఎంతవరకు తీరిందో రాస్తున్నాను. పిల్లలిద్దరూ పడుకున్నారు. చంటిది లేస్తే మధ్యలో ఆపవలసి వస్తుంది.

అప్పటికి యుద్ధం ముగిసి కొన్ని నెలలైంది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకోమనే హుకుం పోయింది గాని, లారీల ముందు దీపాలకు యుద్ధంలో పూసిన నల్లరంగు చాలామంది గీకలేదు. పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు డబ్బా కట్టుకుని నడిచే లారీలు ఇంకా తిరుగుతుండేవి. మాఘమాసం. బెల్లం రోజులు. కశింకోట వైపు నుంచి బెల్లం దిమ్మలు వేసుకుని రెండెడ్ల బళ్ళు పొద్దుగూకేదాకా, గూకేక కూడా, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

మా అమ్మ వారం రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళిపోతూంటే, స్టేషనులో రైలెక్కించి నేనూ మా అబ్బాయీ నడిచి వస్తున్నాం. వాడికి నాలుగో ఏడు. నాకు అయిదో నెల. మా ఆయన బడిలో పరీక్ష పేపర్లు ఉండి రాలేకపోయేరు. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజది. కూడలికి వచ్చేసరికి ఏడు దాటి ఉంటుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. రోడ్డు దాటితే మా వైపు ఒక కాలవ, దాని మీద అడుగుపెట్టడానికి ఒక రాతిపలక. రోడ్డు దాటేం. పలక ఎక్కడుందో తెలీలేదు. కాలితో తడుముదామని చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకున్నాను. రెండో చేతిలో సంచీ ఉంది. కుచ్చెళ్ళు పట్టుకోడానికే వాడి చెయ్యి విడిచేను. అది నిజం. దాచను.

కాలికి పలక తగిలేలోగానే వెనకాల లారీ హారను మోగింది. ఆ మోతకి బెల్లం బండి ఎడ్లు బెదిరి పక్కకి లాగేయి. రోడ్డు అంచున నిలబడ్డ వాడి కాలి మీద నుంచి చక్రం ఎక్కి దిగింది. లారీ ఆగకుండా పోయింది. బండివాడు దూకి, వాణ్ణి ఎత్తి, చీకట్లో నా మొహం ఎక్కడుందో తెలీక గాలిలోకే చెప్పుకుంటున్నాడు. "కానరానేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు, కానరానేదు. దీపముంటే ఆపుకుందును." ఆ ముసలివాడు మా ఇంటిదాకా వాణ్ణి మోసుకొచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చేడు. అతని మీద నాకు ఆ రోజూ కోపం లేదు, ఇవాళా లేదు.

వాణ్ణి లోపల పడుకోబెట్టి, నీళ్ళకని పెరట్లోకి వెళ్ళేను. కొబ్బరిచెట్ల వెనక నుంచి చంద్రుడు అప్పుడు వస్తున్నాడు. ఎర్రగా, పెద్దగా, తీరుబడిగా.

మాకవరపాలెం నుంచి ఎముకలు కట్టే మనిషిని పిలిపించేం. వెదురు బద్దలు పెట్టి కట్టేడు. నలభై రోజులు వాడు మంచం మీదే ఉన్నాడు. కట్టు విప్పేసరికి కుడికాలు మోకాలి కింద కొంచెం లోపలికి తిరిగి ఉంది. నడుస్తాడు. పరిగెత్తితే పడిపోతాడు. రాత్రి లారీ హారను వినపడితే మంచం మీద లేచి కూర్చుంటాడు, నేనూ లేచి కూర్చుంటాను. ఒకరి మొహం ఒకరం చూసుకుని, అది దూరమయ్యేదాకా మాట్లాడుకోం.

మేం అర్జీ పెట్టేం. నేను రాసేను, మా ఆయన సంతకం చేసేరు. కూడలిలో దీపం లేకపోవడం వల్ల మా అబ్బాయికి దెబ్బ తగిలింది, కాబట్టి అన్ని రాత్రులూ అక్కడ దీపం వెలిగించాలి అని అడిగేం. ఇంకేమీ అడగలేదు. ఊరి దీపాల సంగతి చూసే కౌన్సిలరు మా పక్క వీధిలోనే ఉంటాడు. బెల్లం వ్యాపారం. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ పంచె. మీటింగులో మా అర్జీ మీద ఆయన చెప్పినట్టే రాసేరు. గుమాస్తా దాని నకలు ఇచ్చేడు. "ఆనాడు వెన్నెల రాత్రి అగుటచే దీపము వెలిగించు బాధ్యత లేదు. తల్లి అజాగ్రత్త వలన ప్రమాదము సంభవించినట్లు తెలియుచున్నది."

ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదివేను. తర్వాత ఎవరో చెప్పేరు, మీటింగులో ఆయన నవ్వుతూ ఇంకో మాట కూడా అన్నాడని. "కాలేజీలో చదివిన తల్లి కదా, పిల్లాడి చెయ్యి పట్టుకోడం అక్కడ నేర్పలేదా?" అందరూ నవ్వేరట.

ఆ మాటతో నా మనసులో ఏదో గడ్డకట్టింది. చెయ్యి విడిచినదాన్ని నేనే. ఆ సంగతి నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో, ఎన్నిసార్లు అర్ధరాత్రి లేచి వాడి పాదం తడుముకున్నానో ఆయనకు అక్కర్లేదు. నాలో నేను అనుకోవలసిన మాటను ఆయన రిజిస్టరులో రాయించేడు. మునిసిపాలిటీ కాగితం మీద అది ఎప్పటికీ ఉంటుంది. రేపు మా అబ్బాయి పెద్దవాడై చదివితే? నాకు రెండే కావాలనిపించింది. ఆ కూడలిలో దీపం వెలగాలి. ఆ మాట ఆయనే కొట్టేయాలి. ఆ రెండోదాని మీదే నా మనసు ఎక్కువ.

"ఊరుకో. ఎవరితో పెట్టుకుంటున్నావో తెలుసా?" అన్నారు మా ఆయన. ఆయన పని చేసేది మునిసిపల్ హైస్కూల్లో. జీతం ఇచ్చేది వాళ్ళే. హెడ్మాస్టరు ఆయన్ని గదిలోకి పిలిచి, ఇంకో అర్జీ వద్దని మెల్లిగా చెప్పేడట. ఆయన తప్పు లేదు. నెమ్మదైన మనిషి. ఆయన నెమ్మది చూసి నాకు ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి.

ఇంకో అర్జీ పెట్టలేదు. పంచాంగం తెచ్చుకున్నాను. పురోహితుడి దగ్గర అడిగి తెచ్చి, రెండు నెలలు రోజూ పెరట్లో నిలబడి చంద్రుడు ఎప్పుడొస్తున్నాడో గడియారం చూసి రాసుకున్నాను. పెద్ద చదువు అక్కర్లేదు దీనికి. పౌర్ణమికి ముందు రోజుల్లో పొద్దుగూకకముందే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. అప్పుడు దీపం లేకపోయినా ఫరవాలేదు. పౌర్ణమి వెళ్ళేక అలా కాదు. రోజు రోజుకీ ఆలస్యంగా వస్తాడు. పాడ్యమి నాడు ఒక రవ్వ చీకటి, విదియ నాడు ఇంకొంచెం, తదియ చవితి నాటికి రాత్రి భోజనాలు అయిపోయేదాకా చీకటే. జనం రోడ్డు మీద తిరిగేది సరిగ్గా ఆ వేళే. అటు ఐదు, ఇటు ఐదు అని లెక్క సమంగా ఉంటే చాలనుకున్నారు రూలు రాసినవాళ్ళు. ఆకాశం వైపు ఎవరూ చూడలేదు.

ఆ కాగితం పట్టుకుని గుమాస్తా దగ్గరకి నేనే వెళ్ళేను. అతను చూసేడు, తిప్పి చూసేడు. "లెక్క బాగానే ఉందమ్మా. పెద్దలు పెట్టిన రూలు. ఆడవాళ్ళకెందుకండీ ఈ ఖగోళం?" అని మడిచి నా చేతికే ఇచ్చేడు.

దీపాలు వెలిగించేవాడికి మాత్రం అంతా తెలుసు. నిచ్చెన భుజాన వేసుకుని, నూనె డబ్బా పట్టుకుని సాయంత్రాలు మా వీధిలోంచే పోతాడు. ఒక బహుళ విదియ నాడు ఖాళీ చేతులతో పోతుంటే అడిగేను. "ఇవాళ దీపం లేదా?"

"వెన్నెల దినాలమ్మా. నూనె ఇవ్వరు."

"వెన్నెల ఏదీ?"

అతను ఆకాశం వైపు చూసి తల గోక్కున్నాడు. "సెందురుడు డూటీకి రానేదని నేను రిపోటు ఇవ్వలేను కదమ్మా" అన్నాడు.

కాన్పయింది. ఆడపిల్ల. బాలింతరాలిగా కిటికీ దగ్గర మంచం వేసుకుని పడుకున్న రోజుల్లో నాకు చేతినిండా పని. కిటికీలోంచి కూడలి కనపడుతుంది. కౌన్సిలరు రోజూ సాయంత్రం జట్కాలో కొట్టు నుంచి ఇంటికి వస్తాడు. ఏడు కొట్టేక కొంచెం అటూ ఇటూ. ఒక్కరోజు తప్పడు. ఇది గమనించి నేనేం చేస్తానో అప్పటికి నాకే తెలీదు. చంటిదానికి పాలిస్తూ ఆయన జట్కా గంటలు వినేదాన్ని. ఆ జట్కా కాలవలో పడితే బాగుండుననుకునేదాన్ని. గుర్రానికి ఏమీ కాకూడదనుకునేదాన్ని.

శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. అట్లతద్దికి నాలుగు రోజుల ముందు, గోరింటాకు కోసుకోడానికి మా పెరట్లోకి కౌన్సిలరు తల్లి వచ్చింది. డెబ్భై ఏళ్ళావిడ. ఆవిడ భర్త మంచంలో ఉన్నాడు గాని బతికే ఉన్నాడు, అందుకని ఇంకా అట్లతద్ది నోస్తుంది. కొడుకు మీద నాకున్న కోపం ఆవిడ మీద లేదు. మా అబ్బాయి మంచంలో ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చి, వాడి తల దగ్గర కూర్చుని వెళ్ళింది.

"ఈ ఏడు సెందురుణ్ణి ఎక్కడ సూత్తావు మేష్టారమ్మా? మా ఇంటి దగ్గర మేడలు కట్టేసేరు. తూరుపంతా మూసుకుపోయింది. కిందటేడు ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయేను, ఆయనెప్పుడో వచ్చేసేడని తరవాత తెలిసింది" అంది.

నా చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది. అట్లతద్ది అంటే ఆశ్వయుజ బహుళ తదియ. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు. మునిసిపాలిటీ లెక్కలో వెన్నెల రాత్రి. ఊళ్ళో ఆడవాళ్ళంతా తెల్లవారకముందు ఇంత చద్దన్నం తిని, పొద్దంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, చంద్రుడెప్పుడు వస్తాడా అని చూసే రోజు. ఆ రూలు రాసిన కౌన్సిలర్లందరి ఇళ్ళల్లోనూ ఆ రాత్రి భార్యలు, తల్లులు, కోడళ్ళు అట్లు పోసుకుని, వెన్నెల రాలేదని ఆకలితో కూర్చునే ఉంటారు. ఏటేటా. ఒక్కడు కూడా ఒక్కసారి కూడా దీన్నీ దాన్నీ కలిపి చూసుకోలేదు.

"మన కూడలిలో నిలబడితే తూర్పు కొండ బాగా కనపడుతుంది మామ్మగారూ. అందరం అక్కడికి వెళ్దాం" అన్నాను.

"బాగా సెప్పేవు. మా సిన్నప్పుడూ అక్కడే సూసేవాళ్ళం" అంది.

"దీపాలు మాత్రం పట్టుకెళ్ళకూడదుట. చేతిలో దీపం ఉంటే చంద్రుడు మొహం చాటేస్తాడుట."

ఆ శాస్త్రం నేనే అప్పటికప్పుడు పుట్టించేను. ఆవిడ నా వైపు ఒక క్షణం చూసింది. "నేనెప్పుడూ విన్నేదు. కాలేజీలో సెప్పేరేటి?" అంది. ఆవిడ కూడా ఆ మాట అనేసరికి నా మొహం మాడిపోయి ఉంటుంది. ఆవిడకు నా మొహం చూస్తే ఏం అర్థమైందో తెలీదు. "సరే, నువ్వు సెప్పేవు కదా, అలాగే సేద్దారి" అని ఆకు ఒళ్ళో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రం చంటిదాన్ని మా ఆయనకు అప్పగించేను. "ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నారాయన. "నోము" అన్నాను. మా అబ్బాయి వస్తానని చీర పట్టుకున్నాడు. ఆ కూడలికి వాణ్ణి చీకట్లో తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. వేళ్ళు విడిపించుకుని వచ్చేసేను.

రెండు వీధుల వాళ్ళం కలిసి పదిహేను మందిమి. కౌన్సిలరు భార్య వచ్చింది, కోడలు వచ్చింది. పళ్ళేల్లో అట్లు, పైన గుడ్డలు. పూజ ఇళ్ళల్లో చేసుకునే వచ్చేం. ముసలావిడను కాలవ పక్కన రాతి మీద కూర్చోబెట్టేను. ఆరున్నరకే చీకటి గాఢంగా పడింది. తూర్పున కొండ మీద మబ్బు కూడా ఉంది. పక్కనున్న మనిషిని గాజుల చప్పుడును బట్టి పోల్చుకోవలసిందే.

"ఆకలి ఒదినా. ఈయన ఇవాళ వత్తాడా, రేపొత్తాడా?" అంటోంది ఒకామె.

"మీ ఆయన పెళ్ళిచూపులకి ఇంతకన్నా ఆలస్యంగా వచ్చేడట కదా."

"వచ్చేడు గాని తిని వచ్చేడు."

నవ్వులు. కళ్ళు చీకటికి కాస్త అలవాటుపడ్డాక కొందరు రోడ్డు మీదికి జరిగేరు, కొండ బాగా కనపడుతుందని. ఇవతలికి రమ్మని పిలిచేను, ఎవరూ వినలేదు. అప్పుడు వినపడింది లారీ. కశింకోట వైపు నుంచి, ఆ బొగ్గు లారీకి ఉండే దగ్గు. నల్లరంగు పూసిన ఒంటి దీపం, దానికి రోడ్డేమీ కనపడదు. ఇంతమందిని ఇక్కడ నిలబెట్టింది నేనే, దీపాలు వద్దన్నదీ నేనే. గొంతు పగిలేలా అరుస్తూ దొరికినవాళ్ళ చీరలు పట్టి లాగేను. కౌన్సిలరు కోడలు చేతిలో పళ్ళెం కిందపడింది. లారీ మా పక్కనుంచి దుమ్ము కొట్టుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను చేసిన పనుల్లో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించేది అదొక్కటే. దాని తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే మాత్రం నాకు ఏమీ జలదరించదు.

మేం ఇంకా ఊపిరి కూడగట్టుకుంటుండగానే జట్కా గంటలు వినపడ్డాయి. దీపం లేదు. గుర్రం మా గాజుల చప్పుడుకో దేనికో బెదిరి ముందరి కాళ్ళెత్తింది.

"ఎవరదీ రోడ్డు మజ్జిలో?" అని అరిచేడు జట్కావాడు.

"నీ అత్తనిరా" అంది ముసలావిడ రాతి మీద నుంచే.

లోపల్నుంచి కౌన్సిలరు గొంతు. "ఎవరమ్మా మీరంతా? దీపం లేకుండా ఇక్కడేం చేస్తున్నారు?"

"ఏటిరా, నువ్వా? దిగు."

తల్లి గొంతు పోల్చుకుని ఆయన గబుక్కున దిగేడు. ఒక కాలు నేల మీద పడింది. రెండోది కాలవలో పడింది. మోకాలిదాకా దిగిపోయిన చప్పుడు వినపడింది. తర్వాత ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు, దాని వెనక పదిహేను మంది గాజులు. ఆయన్ని జట్కావాడు చెయ్యిచ్చి పైకి లాగేడు. ఆ ఇస్త్రీ పంచె నాకు కనపడలేదు. అదొక్కటే ఆ రాత్రి నాకు మిగిలిన వెలితి.

"దీపమేదిరా?" అన్నాడు ఆయన జట్కావాడి మీద మండిపడుతూ.

"వెన్నెల రాత్రండి బాబుగారూ. ఈ దినాల్లో దీపమక్కర్నేదని తవరే కదండి సెప్పేరు."

"వెన్నెలా?" అంది ముసలావిడ. "ఏదిరా వెన్నెల? పొద్దున్నించీ దాని కోసమే కదా కూకున్నాం."

"అది కాదమ్మా. పౌర్ణమి వెళ్ళి మూడో రోజే కదా. మునిసిపాలిటీ లెక్కలో..."

"మూడో రోజని నాకు తెలీదేటి? కాపరానికి వచ్చిన కాణ్ణించీ ఈ మూడో రోజే కదా ఆకలితో సత్తన్నాను. పొద్దుగూకగానే వచ్చేసేవోడైతే నాకీ ఉపోసమెందుకురా? నీ పెళ్ళానికెందుకు, నీ కోడలికెందుకు?"

మాట్లాడడానికి నాకు దొరికిన చోటు అది.

"మాఘమాసంలో ఇంకా ఆలస్యంగా వస్తాడండీ. మా అబ్బాయి కాలు మీద బండి ఎక్కింది మాఘ బహుళ తదియ నాడు. మీరు నిలబడ్డ చోటే."

"ఓహో. మేష్టారు గారి..."

"తల్లి అజాగ్రత్త అని రాయించేరు. కాలేజీలో చెయ్యి పట్టుకోడం నేర్పలేదా అన్నారు. మీకు పట్టుకోడానికి జట్కా ఉంది కదా. మీరెందుకు పడ్డారండీ?"

చీకట్లో ఎవరో "హమ్మ" అన్నారు. ఆయన భార్య అనుకుంటాను.

"ఏటి రాయించేవురా?" అంది ముసలావిడ. ఆయన సణుగుతుంటే జట్కావాడితో "నువ్వెళ్ళరా ఇంటికి. ఈయన నడిచొత్తాడు" అంది. తర్వాత కొడుకుతో, "నిలబడు. మీ వెన్నెల ఎప్పుడొత్తాదో మాతోపాటు నువ్వూ సూడు" అంది.

ఆయన నిలబడ్డాడు. ఊళ్ళో అంత పెద్దమనిషి, తడిసిన కాలితో, కాలవ వాసనతో, పదిహేను మంది ఆకలిగా ఉన్న ఆడవాళ్ళ మధ్య. కూర్చోమని ఎవరూ అనలేదు. బెల్లం బండి ఒకటి వచ్చింది. బండివాడు దగ్గరకి వచ్చేదాకా మమ్మల్ని చూడలేదు, చూసి గట్టిగా ఎడ్లను లాగేడు. ఆ ఎడ్ల ఊపిరి వేడిగా మా మీద పడ్డప్పుడు ఆయన తన భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి జరగడం నాకు తెలిసింది. భయపడ్డాడు. ఆ భయం నాకు తియ్యగా ఉంది. పొద్దున్నించీ ఏమీ తినని నోటికి అదే మొదటి ముద్ద. ఇలా రాయడం బాగుండదని తెలుసు. ఉన్నది రాస్తున్నాను.

ఎంతసేపైందో. మధ్యలో ఒకసారి ముసలావిడ "సెందురుడొచ్చేడా నాయినా?" అని అడిగింది, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు. "ఇంకా లేదమ్మా" అన్నాడాయన. కాసేపుండి మళ్ళీ అడిగింది. "లేదమ్మా" అన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆయన నా వైపు వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "తప్పే రాయించేనమ్మా. సరేనా?"

సరిగ్గా అప్పుడే కొండ పైన మబ్బు అంచు తెల్లబడింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా తూర్పుకి తిరిగి చేతులు జోడించి గోల చేసేరు. ఆ గోలలో ఆయన అన్న మాట నేను తప్ప ఎవరూ వినలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. వెన్నెల పడ్డాక మొహం చూసేను. ఊపిరి పీల్చుకున్న మొహం. పంచె ఎత్తి పట్టుకుని గబగబా వెళ్ళిపోయేడు.

ఇంటికి వచ్చి అట్టు నోట్లో పెట్టుకుంటే దిగలేదు.

తర్వాతి మీటింగులో రూలు మార్చేరు. పౌర్ణమి వెళ్ళిన ఐదు రోజులూ చంద్రోదయం దాకా దీపాలు వెలిగించాలి, బళ్ళకీ దీపాలు ఉండాలి. స్త్రీల పండుగల సౌకర్యం కోసం ఫలానా కౌన్సిలరు గారు ప్రవేశపెట్టిన మంచి మార్పు అని రాసుకున్నారు. వీధిలో జనం ఆయన్ని మెచ్చుకున్నారు. మా అబ్బాయి సంగతి అందులో ఎక్కడా లేదు. మా ఆయన అన్నారు, "దీపం వచ్చింది కదా. ఇంకేం కావాలి?"

దీపం వచ్చింది. బహుళ తదియ నాడు నిచ్చెన వేసి దీపం వెలిగిస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేను. దీపాలవాడు నన్ను చూసి, "మీ పుణ్యానే నాకు మోకాళ్ళనొప్పులమ్మా" అన్నాడు, నవ్వుతూనే. ఆ వెలుగులో కాలవ మీది పలక స్పష్టంగా కనపడుతుంది. మా అబ్బాయి ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని కూడలి దాటుతాడు. ఇదంతా మంచిదే. కాని పాత రిజిస్టరులో ఆ మాట అలాగే ఉంది. కొట్టేయమని గుమాస్తాను అడిగితే, సంతకాలైన మాట కొట్టకూడదు, ఆ కౌన్సిలరు గారే ఒప్పుకుని తర్వాతి మీటింగులో తప్పు అని రాయిస్తేనే అన్నాడు. కౌన్సిలర్ని మా ఆయన అడిగేరు. ఇన్నాళ్ళకి ఆయనకీ అంత ధైర్యం వచ్చింది. "నేనెప్పుడు తప్పన్నాను మేష్టారూ? ఎవరైనా విన్నారా?" అన్నాడట కౌన్సిలరు.

అందుకని నేను ఒక పని మొదలుపెట్టేను. ప్రతి బహుళ తదియ నాడూ ఒక చిన్న కాగితం మీద, ఆ రాత్రి చంద్రుడు ఎన్నింటికి వచ్చేడో రాస్తాను. దాని కింద కిందటి మాఘ బహుళ తదియ నాడు ఎన్నింటికి వచ్చి ఉంటాడో లెక్కవేసి రాస్తాను. కింద సంతకం పెట్టను. మర్నాడు పొద్దున్న నేనే వెళ్ళి ముసలావిడ చేతికి ఇచ్చి వస్తాను. కార్తీకంలో ఇచ్చేను. మార్గశిరంలో ఇచ్చేను. నిన్న పుష్య బహుళ తదియ. ఇవాళ పొద్దున్న మూడోది తీసుకెళ్ళేను.

ముసలావిడ గడప దగ్గరే కూర్చుని బియ్యం ఏరుతోంది. కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది.

"కిందటి నెల దీన్ని అన్నం దగ్గర పళ్ళెం పక్కన ఎట్టేను. సూసి, సగంలో సెయ్యి కడిగేసుకు లేచిపోయేడు" అంది.

నేను వంగి ఆవిడ బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసేను.

"మనిషి సిక్కిపోతన్నాడు. కన్నదాన్ని, నాకు బాదుండదేటి?" అంది. కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "వొచ్చే నెలా తీసుకురా" అంది.

వచ్చేది మాఘం. తీసుకెళ్తాను.